కుటుంబ ఆస్తికి హోల్డింగ్ కంపెనీ పెట్టాలంటే: తిరుపతి, చిత్తూరు కుటుంబాలకు ఒక దారి

తిరుపతిలో రెండు లాడ్జీలు. చిత్తూరు పక్కన మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పెద్ద వాటా. దామలచెరువు వైపు తోట, రేణిగుంట రోడ్డులో ఖాళీ స్థలం, నాయన పేరు మీద కొన్ని షేర్లు, మ్యూచువల్ ఫండ్లు. ఒక కొడుకు వ్యాపారం చూసుకుంటున్నాడు, ఇంకొకడు బెంగళూరులో ఉద్యోగం, కూతురు డాలస్‌లో. మన వైపు ఇలాంటి ఇళ్లు చాలానే ఉన్నాయి. వీళ్లు ఆడిటరు దగ్గర కూర్చున్నప్పుడల్లా ఈమధ్య ఒకటే ప్రశ్న: "అన్నీ తీసుకెళ్లి ఒక కంపెనీ కింద పెట్టేస్తే పోలా?"

ఈ ఆలోచనకు ఉదాహరణ మన పక్కనే ఉంది. కరకంబాడిలో పుట్టిన అమర రాజాలో ప్రమోటర్ల వాటా ఆర్.ఎన్. గల్లా ఫ్యామిలీ ప్రైవేట్ లిమిటెడ్ అనే కుటుంబ కంపెనీ పేరు మీద ఉంది. కుటుంబ సభ్యులు ఆ కంపెనీలో వాటాదారులు, ఆ కంపెనీ అసలు వ్యాపారంలో వాటాదారు. హోల్డింగ్ కంపెనీ అంటే ఇంతే. దీనికి ప్రత్యేక లైసెన్సు లేదు, ప్రత్యేక చట్టమూ లేదు. 2013 కంపెనీల చట్టం కింద రిజిస్టరయ్యే మామూలు ప్రైవేట్ కంపెనీయే.

పెట్టడం కష్టం కాదు. అందులో ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు అన్నదే అసలు పని. కంపెనీలోకి డబ్బు, ఆస్తి వెళ్లడం ఒక ఎత్తు. తిరిగి మన చేతికి రావాలంటే ప్రతిసారీ పన్ను గేటు దాటాలి. ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకుని కింది పనులు వరసగా చేయండి.

ముందు: అసలు మీకు అవసరమా?

పన్ను తగ్గుతుందని పెడుతుంటే ఇక్కడే ఆగండి. ఒక లెక్క చూడండి. ఫ్యాక్టరీ కంపెనీకి కోటి రూపాయల లాభం వచ్చిందనుకుందాం. 22 శాతం రేటు ఎంచుకున్న కంపెనీకి సర్‌చార్జీ, సెస్సు కలిపి 25.168 శాతం పన్ను. మిగిలింది సుమారు 74.83 లక్షలు. అదంతా డివిడెండ్‌గా హోల్డింగ్ కంపెనీకి వచ్చింది. హోల్డింగ్ దాన్ని దగ్గరే ఉంచుకుంటే మళ్లీ అదే రేటున పన్ను, అంటే సుమారు 18.83 లక్షలు. చేతిలో మిగిలేది 56 లక్షలు. "కంపెనీ నుంచి కంపెనీకి వస్తే పన్ను ఉండదు" అని చాలామంది అనుకుంటారు. అలా ఉండేది ఒక సందర్భంలోనే: హోల్డింగ్‌కు వచ్చిన డివిడెండ్‌ను, రిటర్ను గడువుకు నెల ముందే తన వాటాదారులకు పంచేస్తే, పంచినంత మేరకు మినహాయింపు. పంచిన డబ్బుపై మీరు మీ స్లాబు ప్రకారం కడతారు. 2020 ఏప్రిల్ నుంచి డివిడెండ్ పన్ను వాటాదారుడి నెత్తినే ఉంది కదా. 2025 ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు కాబట్టి పాత సెక్షన్ల నంబర్లు మారాయి. ఆడిటరుతో మాట్లాడేటప్పుడు నంబరు కాదు, విషయం అడగండి.

చనిపోయాక వారసత్వ పన్ను తప్పుతుందనే ఆశ కూడా వద్దు. మన దేశంలో ఎస్టేట్ డ్యూటీ 1985లోనే పోయింది. సంపద పన్ను కూడా 2015లో ఎత్తేశారు.

మరి ఎందుకు పెట్టాలి? వ్యాపారం ముక్కలు కాకుండా ఉండటానికి. నాయన తర్వాత ఫ్యాక్టరీలో ముగ్గురు పిల్లలు, ఆ తర్వాత ఏడుగురు మనవళ్లు విడివిడిగా వాటాదారులైతే, బ్యాంకుకు ఒక సంతకం కావాలన్నా ఏడిళ్లు తిరగాలి. హోల్డింగ్ ఉంటే ఫ్యాక్టరీకి ఒకే వాటాదారు, ఒకే ఓటు. కొట్లాట ఉంటే పైన ఉంటుంది, ఫ్యాక్టరీ గేటు దాకా రాదు. రెండో కారణం, ఒక వ్యాపారంలో వచ్చిన లాభాన్ని ఇంకో వ్యాపారంలో పెట్టడం. ఈ రెండూ మీకు వర్తించకపోతే, అంటే రెండు ప్లాట్లు, ఒక లాడ్జీ, కొంత బంగారమే అయితే, మంచి విల్లు చాలు. విల్లుకు స్టాంపు అక్కర్లేదు, ఇద్దరు సాక్షులు ఉంటే చాలు, రిజిస్ట్రేషన్ కూడా మీ ఇష్టం. కంపెనీ అంటే ఏటా ఆడిట్, ఏటా ఫైలింగులు, ఏటా ఖర్చు.

కంపెనీ కాకుండా ట్రస్టు సంగతి కూడా ఒకసారి అడగండి. 1882 ట్రస్టుల చట్టం కింద బంధువుల మేలు కోసమే పెట్టే ప్రైవేట్ ట్రస్టుకు ఆస్తి ఇస్తే, సాధారణంగా ఇచ్చినవారికి మూలధన లాభం పన్ను గానీ, ట్రస్టుకు గిఫ్టు పన్ను గానీ ఉండవు. కంపెనీకి ఆ సౌకర్యం లేదు. పెద్ద కుటుంబాలు ట్రస్టు పైన, హోల్డింగ్ కింద, వ్యాపారం దాని కింద పెట్టుకోవడం అందుకే.

మొదటి పని: ఆస్తుల జాబితా, ఒక్కోదానికి ఒక తీర్పు

ఒక పెద్ద కాగితం తీసుకుని ప్రతి ఆస్తికీ నాలుగు విషయాలు రాయండి: ఎవరి పేరు మీద ఉంది, ఎలా వచ్చింది, ఇప్పటి విలువ ఎంత, ఏటా ఎంత రాబడి. రెండో ప్రశ్న దగ్గరే అసలు చిక్కు. తాతల నుంచి వచ్చిన ఉమ్మడి ఆస్తి అయితే నాయన ఒక్కడి సంతకంతో కంపెనీకి రాసివ్వడం కుదరదు. ఆంధ్రలో 1985 సెప్టెంబరు 5 నాటి సవరణ నుంచే, అప్పటికి పెళ్లి కాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు ఉంది. 2005 కేంద్ర సవరణ, ఆపైన 2020లో సుప్రీంకోర్టు వినీతా శర్మ తీర్పు వచ్చాక పెళ్లయిన కూతుళ్ల విషయంలోనూ సందేహం లేదు. "పెళ్లప్పుడే ఇచ్చేశాం కదా" అన్న మాట కోర్టులో నిలవదు. ముందు రిజిస్టర్డ్ భాగపరిష్కారం చేసుకోండి, తర్వాతే కంపెనీ.

ఇక ఒక్కో ఆస్తి సంగతి.

మామిడి తోట కంపెనీలో పెట్టకండి. వ్యవసాయ ఆదాయానికి మీ చేతిలో ఆదాయపు పన్ను లేదు. కంపెనీ చేతిలోనూ లేదు. కానీ కంపెనీ దాన్ని డివిడెండ్‌గా మీకు ఇచ్చిన రోజున అది మామూలు డివిడెండే, పన్ను పడుతుంది. అమ్మినా అంతే. తిరుపతి, చిత్తూరు లాంటి లక్ష దాటి పది లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్ల మునిసిపల్ హద్దుకు 6 కిలోమీటర్ల అవతల ఉన్న సాగుభూమి మీరు అమ్మితే మూలధన లాభం పన్ను లేదు. కంపెనీ అమ్మితే ఆ డబ్బు మీ దగ్గరికి రావడానికి మళ్లీ పన్ను. పైగా 1973 భూసంస్కరణల చట్టంలో 'వ్యక్తి' అంటే కంపెనీ కూడా. సీలింగు (ఎంత భూమి ఉంచుకోవచ్చనే పరిమితి) లెక్క దానికీ ఉంది. డీకేటీ పట్టా, అంటే ప్రభుత్వం అసైన్ చేసిన భూమి అయితే అసలు ఆ మాటే ఎత్తకండి. 20 ఏళ్లు దాటిన అసైన్డ్ భూములకు 2023లో చట్టం సడలించినా, 22ఏ నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉన్నంత కాలం సబ్‌రిజిస్ట్రారు రిజిస్టరు చేయడు.

ఉండే ఇల్లు వద్దు. సొంత ఇల్లు అమ్మి ఇంకో ఇల్లు కొంటే మనిషికి పన్ను మినహాయింపు ఉంది, కంపెనీకి లేదు.

స్థలాలు, భవనాలు: ఇప్పటికే మీ పేరున ఉన్నవి కంపెనీకి మార్చడం ఖరీదైన పని. అమ్మకం దస్తావేజుకు మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం 7.5 శాతం. దానికి తోడు మీకు మూలధన లాభం పన్ను. ధర తగ్గించి రాసేద్దాం అంటే, ప్రభుత్వ విలువకు బాగా తక్కువైతే ఆ తేడా మీద ఇటు మీకూ అటు కంపెనీకీ పన్ను వేస్తారు. గిఫ్టు డీడుగా రాసిచ్చినా కంపెనీ చేతిలో అది పన్ను పడే ఆదాయమే. కంపెనీ మీ బంధువు కాదు కదా! రేపు కొనబోయే స్థలం మాత్రం కంపెనీ పేరుతోనే కొనొచ్చు.

వ్యాపార వాటాలు: హోల్డింగ్ పుట్టిందే వీటి కోసం. కానీ ఇవి మార్చడమూ ఉచితం కాదు. మీ ఫ్యాక్టరీ వాటాలు హోల్డింగ్‌కు ఇచ్చి బదులుగా హోల్డింగ్ వాటాలు తీసుకున్నా చట్టం దృష్టిలో అది అమ్మకమే. లిస్ట్ కాని కంపెనీ వాటాలను నిబంధనల ప్రకారం లెక్కగట్టిన విలువ కన్నా తక్కువకు మార్చకూడదు. ఎక్కువ కాలం ఉంచుకున్నవైతే 12.5 శాతం మూలధన లాభం పన్ను, సర్‌చార్జీ అదనం. అందుకే నా సలహా: ఫ్యాక్టరీ ఇంకా చిన్నగా ఉన్నప్పుడో, కొత్త యూనిట్ పెట్టేటప్పుడో హోల్డింగ్‌ను తీసుకురండి. కొత్త కంపెనీలో మొదటి వాటాలే హోల్డింగ్ పేరున తీసుకుంటే పన్నూ లేదు, టెన్షనూ లేదు. పాత పెద్ద వ్యాపారాన్ని కిందికి తేవాలంటే కంపెనీల ట్రిబ్యునల్ (ఎన్‌సీఎల్‌టీ) ద్వారా విలీనం లాంటి దారులున్నాయి. మనకు అమరావతి బెంచి. ఆ దారిలో లాయరు, కంపెనీ సెక్రటరీ (సీఎస్) ఇద్దరూ కావాలి.

తిరుపతి లాడ్జీల్లో చాలా వరకు భాగస్వామ్య సంస్థలే. భాగస్వామ్యాన్ని కంపెనీగా మార్చినప్పుడు షరతులు పాటిస్తే మూలధన లాభం పన్ను ఉండదు. అందులో ఒక షరతు: పాత భాగస్వాములంతా కలిసి కొత్త కంపెనీలో కనీసం సగం ఓటింగ్ అయిదేళ్ల పాటు తమ పేరునే ఉంచుకోవాలి. మార్చిన మరుసటి ఏడే వాటాలన్నీ హోల్డింగ్‌కు ఎక్కించేస్తే, అప్పుడు తప్పిన పన్ను ఇప్పుడు పడుతుంది.

రెండో పని: ఆర్బీఐ గీత ఎక్కడుందో చూసుకోవడం

ఇది చాలామంది పట్టించుకోని అడుగు, నిజానికి అన్నిటికన్నా ప్రమాదం ఇక్కడే. కంపెనీ మొత్తం ఆస్తుల్లో సగానికి పైన ఆర్థిక ఆస్తులు, అంటే వాటాలు, ఫండ్లు, ఇచ్చిన అప్పులు అయి ఉండి, మొత్తం ఆదాయంలో సగానికి పైన వాటి నుంచే వస్తే, ఆర్బీఐ దాన్ని ఎన్‌బీఎఫ్‌సీగా, అంటే బ్యాంకు కాని ఆర్థిక సంస్థగా చూస్తుంది. రెండూ ఉండాలి. అప్పుడు సాధారణంగా రిజిస్ట్రేషన్ కావాలి, కొత్తగా వచ్చేవారికి 10 కోట్ల సొంత నిధులు ఉండాలి. ఫ్యాక్టరీ వాటాలు తప్ప ఇంకేమీ లేని హోల్డింగ్‌కు మొదటి రోజే ఈ రెండు లెక్కలూ సరిపోతాయి!

తప్పించుకునే దారి చట్టంలోనే ఉంది. నికర ఆస్తుల్లో 90 శాతం సొంత గ్రూపు కంపెనీల్లో ఉండి, అందులో నికర ఆస్తుల 60 శాతానికి తగ్గకుండా ఈక్విటీ వాటాల్లో ఉంటే, ఆ వాటాలను కొనుగోలు అమ్మకాల వ్యాపారం చేయకుండా ఉంటే, అది కోర్ ఇన్వెస్ట్‌మెంట్ కంపెనీ. ఆస్తులు 100 కోట్ల లోపు ఉన్నా, బ్యాంకు అప్పుల్లాంటి బయటి డబ్బు తీసుకోకపోయినా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. జాగ్రత్త ఎక్కడ? ఫ్యాక్టరీ డివిడెండ్ వచ్చింది, డబ్బు ఖాళీగా ఉంది, ఈక్విటీ మ్యూచువల్ ఫండ్లో పెట్టారు. రెండు మూడేళ్లలో అది 10 శాతం దాటింది. మీకు తెలియకుండానే గీత దాటేశారు. బ్యాంకు నిల్వలు, మనీ మార్కెట్ ఫండ్లు ఆ 90 శాతం లెక్కలోకి రావు, కాబట్టి మిగులు డబ్బు అక్కడ ఉంచడం క్షేమం. నాయన షేర్లు, ఫండ్లు నాయన పేరు మీదే ఉండనివ్వండి. ఏటా మార్చి 31న బ్యాలెన్స్ షీటు వచ్చాక ఈ లెక్క రాతపూర్వకంగా వేసి ఫైల్లో పెట్టమని ఆడిటరును అడగండి. ఈ నిబంధనలను ఆర్బీఐ తరచూ సవరిస్తుంటుంది, కాబట్టి పోయినేటి కాగితం ఈ ఏటికి పనికిరాదు.

మూడో పని: కుటుంబ ఒప్పందం, తర్వాతే రిజిస్ట్రేషన్

అన్నదమ్ముల మధ్య లెక్క తేలనప్పుడు కాణిపాకం వెళ్లి వరసిద్ధి వినాయకుడి ముందు ప్రమాణం చేయడం మన వైపు మామూలే. కంపెనీ విషయంలో ప్రమాణం కన్నా ఆర్టికల్స్, అంటే కంపెనీ లోపలి నియమావళి, ముఖ్యం. 1991లో రంగరాజ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది ఇదే: వాటాల బదిలీ మీద కుటుంబం రాసుకున్న షరతు కంపెనీ ఆర్టికల్స్‌లో లేకపోతే అది కంపెనీకి వర్తించదు. అదీ అన్నదమ్ముల కుటుంబాల కేసే. కాబట్టి విడిగా రాసుకున్న ఒప్పందంలోని ముఖ్యమైన షరతులన్నీ ఆర్టికల్స్‌లోకి ఎక్కాలి.

ఏం రాయాలి? బయటివాళ్లకు అమ్మే ముందు ఇంట్లోవాళ్లకు చూపించాలి, ఎన్ని రోజుల్లో చెప్పాలి. ఎవరైనా బయటికి వెళ్లిపోతానంటే ధర ఎవరు కడతారు, ఎన్ని వాయిదాల్లో ఇస్తారు. దీని మీద పట్టుబట్టండి. "అప్పుడు చూసుకుందాం" అని వదిలేసిన కుటుంబాలు తర్వాత వాల్యుయేషన్ మీదే విడిపోతాయి. వ్యాపారం చూసే కొడుకు జీతం ఎంత, ఎవరు నిర్ణయిస్తారు. లాభంలో ఎంత శాతం తప్పనిసరిగా పంచాలి. పని చేయని అక్కచెల్లెళ్లకు ఇది చాలా ముఖ్యం. లాభాలన్నీ కంపెనీలోనే దాచుకుని జీతం మాత్రం తను తీసుకునే అన్న ఉంటే, వాళ్ల వాటా కాగితం మీదే మిగులుతుంది. విడాకులు, కోడళ్లు, అల్లుళ్లు, దత్తత గురించి కూడా మొహమాటం లేకుండా రాయండి.

ప్రైవేట్ కంపెనీకి ఇక్కడొక వెసులుబాటు ఉంది. ఆర్టికల్స్‌లో రాసుకుంటే ఓటు హక్కు వేరు, డివిడెండ్ హక్కు వేరు ఉండేలా రకరకాల వాటాలు పెట్టుకోవచ్చు. నాయన ఉన్నంత కాలం ఓటు ఆయన చేతిలో, రాబడి ముగ్గురు పిల్లలకు సమానం. భార్య పేరున వాటాలు గిఫ్టుగా ఇస్తే మాత్రం ఆ డివిడెండ్ భర్త ఆదాయంలోనే కలుపుతారు. మేజర్లయిన పిల్లలకు ఇస్తే కలపరు.

డాలస్ కూతురి సంగతి విడిగా. ఆమె అమెరికా పన్ను నివాసి అయితే, ఇక్కడి ప్రైవేట్ కంపెనీలో 10 శాతం లేదా అంతకు మించిన వాటా ఉన్నప్పుడు అక్కడ ఫారం 5471 దాఖలు చేయాల్సి రావచ్చు. వేయకపోతే జరిమానా 10,000 డాలర్ల నుంచి మొదలవుతుంది. ఇక్కడేమో విదేశీ మారకద్రవ్య చట్టం (ఫెమా) నిబంధనలు. కంపెనీ రియల్ ఎస్టేట్ వ్యాపారం, సాగు చేస్తుంటే ఎన్నారై పెట్టుబడికి అడ్డంకులున్నాయి. ఆమె వాటా నిర్ణయించే ముందే అమెరికా సీపీఏతో (అక్కడి ఆడిటరుతో) ఒక గంట మాట్లాడించండి. చాలా ఇళ్లలో ఆమెకు తగిన విలువలో భూమి, డబ్బు విడిగా ఇచ్చి కంపెనీకి దూరంగా ఉంచడమే సుఖం.

నాలుగో పని: రిజిస్ట్రేషన్

ఇది అన్నిటికన్నా తేలిక. కనీసం ఇద్దరు వాటాదారులు, ఇద్దరు డైరెక్టర్లు, ఒక డైరెక్టరు ఏడాదిలో 182 రోజులు ఇండియాలో ఉండాలి. అందరికీ డిజిటల్ సంతకాలు. కంపెనీ వ్యవహారాల శాఖ (ఎంసీఏ) పోర్టల్లో స్పైస్ ప్లస్ ఫారం, పేరుకు 1,000 రూపాయలు, 20 రోజుల రిజర్వేషను. పేరు ఆమోదమవడమే మన ఊళ్లో కొంచెం కష్టం. శ్రీనివాస, బాలాజీ, పద్మావతి, సప్తగిరి అన్నీ ఎప్పుడో అయిపోయాయి. ఇంటిపేరు కలిపి పెట్టండి. ఫైనాన్స్, క్యాపిటల్ లాంటి మాటలు పెడితే ఆర్బీఐ అనుమతి ఏదని అడుగుతారు. ఆఫీసు చిరునామాకు రెండు నెలలు దాటని కరెంటు బిల్లు, ఇంటి యజమాని ఎన్‌వోసీ చాలు. మన కంపెనీలకు రిజిస్ట్రారు విజయవాడలో ఉంటారు, అంతా ఆన్‌లైనే, వెళ్లే పని పడదు.

అధీకృత మూలధనం, అంటే కంపెనీ జారీ చేయగల వాటాల గరిష్ఠ మొత్తం, 15 లక్షల లోపు పెట్టుకుంటే రిజిస్ట్రేషన్ ఫీజు సున్నా, స్టాంపు డ్యూటీ మాత్రం ఉంటుంది. ఇక్కడొక ముఖ్యమైన చిట్కా: కుటుంబం పెట్టే డబ్బంతా వాటా మూలధనంగా పెట్టకండి. కొంత వాటాలుగా, మిగతాది డైరెక్టర్ల అప్పుగా ఇవ్వండి. డైరెక్టరు, లేదా డైరెక్టరు బంధువు అప్పు ఇవ్వొచ్చు, 'ఇది నేను వేరే చోట అప్పు తెచ్చింది కాదు' అని రాసివ్వాలి. అసలు తిరిగి తీసుకున్నప్పుడు పన్ను ఉండదు. మూలధనం తగ్గించి వెనక్కి తీసుకోవాలంటే సాధారణంగా ఎన్‌సీఎల్‌టీ దాకా వెళ్లాలి.

రిజిస్టరయ్యాక 30 రోజుల్లో మొదటి బోర్డు సమావేశం, మొదటి ఆడిటరు నియామకం. వాటా డబ్బు బ్యాంకులో వేసి, రిజిస్టరైన 180 రోజుల్లోపు ఐఎన్‌సీ-20ఏ (వ్యాపారం మొదలుపెడుతున్నామనే ఫారం). అది వేయకుండా వ్యాపారం మొదలుపెట్టకూడదు, అప్పూ తీసుకోకూడదు.

ఐదో పని: ఏటా తప్పని ఊడిగం

కింద అనుబంధ కంపెనీ (సగానికి పైన వాటా హోల్డింగ్‌దే అయినది) ఉన్న రోజు నుంచి మీ హోల్డింగ్ 'చిన్న కంపెనీ' కాదు, ఎంత చిన్నదైనా సరే. అనుబంధ కంపెనీ కూడా అంతే. చిన్న కంపెనీలకున్న సడలింపులు రెండింటికీ పోతాయి. ఏటా నాలుగు బోర్డు సమావేశాలు, రెండింటి మధ్య 120 రోజులు మించకుండా. వాటాలన్నీ డీమ్యాట్‌లోనే, పాత కంపెనీలకు ఈ గడువు 2025 జూన్ 30తో ముగిసింది. వాటాదారుల వార్షిక సమావేశం (ఏజీఎం) సెప్టెంబరు 30 లోపు, ఆ తర్వాత 30 రోజుల్లో లెక్కల ఫారం ఏవోసీ-4, 60 రోజుల్లో వార్షిక రిటర్ను ఎంజీటీ-7. ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయలు. పైన చెప్పిన డివిడెండ్ మినహాయింపు కూడా సెప్టెంబరు 30 లోపు పంచితేనే.

చేయకూడని పని ఒకటుంది, మన వాళ్లు ఎక్కువగా చేసేదీ అదే. కూతురి పెళ్లికనో స్థలం అడ్వాన్సుకనో కంపెనీ నుంచి డబ్బు తీసుకుని 'తర్వాత కట్టేద్దాం' అనుకోవడం. 10 శాతం ఓటు ఉన్న వాటాదారుకు ప్రైవేట్ కంపెనీ అప్పిస్తే, కంపెనీ దగ్గరున్న లాభాల మేరకు దాన్ని డివిడెండ్‌గా లెక్కగట్టి పన్ను వేస్తారు. డైరెక్టర్లకు అప్పు ఇవ్వడం మీద కంపెనీల చట్టం ఆంక్షలు వేరే. ఫ్యాక్టరీ కంపెనీ నుంచి హోల్డింగ్‌కు అప్పు తెచ్చినా ఇదే చిక్కు, ఎందుకంటే హోల్డింగే పెద్ద వాటాదారు. సాధ్యమైనంత వరకు డబ్బు పై నుంచి కిందికి అప్పుగా వెళ్లాలి, కింది నుంచి పైకి డివిడెండ్‌గా రావాలి.

ఆఖరు పని: వాటాలకూ విల్లు

డీమ్యాట్ ఖాతాకు నామినీని పెట్టాం కదా అని విల్లు మానేయకండి. 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది, కంపెనీ వాటాలకు నామినీ యజమాని కాడు, వారసత్వ చట్టం ప్రకారం ఎవరికి చెందాలో వాళ్లకే చెందుతాయి. నాయన, అమ్మ ఇద్దరూ విడివిడిగా విల్లు రాయాలి. అందులో కంపెనీ పేరు, డీమ్యాట్ ఖాతా నంబరు, ఎన్ని వాటాలు, ఏ రకం అని వివరంగా ఉండాలి. కంపెనీకి ఇచ్చిన డైరెక్టరు అప్పు ఎవరికి చేరాలో కూడా అందులోనే రాయాలి. విల్లు రాసే లాయరుకు ఆర్టికల్స్ కాపీ ముందే ఇవ్వండి. విల్లు ప్రకారం వాటా అల్లుడికి పోతుందని ఉండి, ఆర్టికల్స్ ప్రకారం రక్తసంబంధీకులకే అని ఉంటే, ఆ రెండు కాగితాలూ కోర్టుకే వెళ్తాయి.